ఆశ్రమం గేటు దగ్గర అక్క

పాతికేళ్ల కిందట, కళ్యాణదుర్గం బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడతో, ఆశ్రమంలో చేరిపోయిన మా అక్కను ఆ రోజే లాక్కొస్తానన్నాను.

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు నాయనా. నా కొడుకూ ఆడనే ఉండాడు. వాని ముందర స్వామిని తిట్టినా. మళ్లా వాణ్ని నాకు చూపీలేదు. నువ్వు తిట్టొద్దు. రాత్రిళ్లు నిద్ర పోతాండావా అని అడుగు, మళ్లా వస్తానని చెప్పు."

గేటు దగ్గర కోపం దిగమింగుకుని, "రాత్రిళ్లు నిద్ర పోతాండావా అక్కా?" అని అడిగాను. అక్క తన వెనక నిలబడిన తెల్లచీర ఆవిడ వైపు తిరిగి, ఆవిడ తలూపాక, "ఆఁ" అంది. మళ్లీ వస్తానని ఎలాగో అన్నాను.

అలా వెళ్తూనే ఉన్నాను. అక్క నాతో బస్సెక్కడానికి ఏళ్లు పట్టింది. ఆ తల్లి కొడుకు వచ్చాడో లేదో నాకు తెలియదు.