అండాలో ఉడికిన నారుమడి

తమిళుల ఆడి నెల మూడో ఆదివారం, ఉదయం ఆరుంపావు. నా జీవితంలో అతి శ్రద్ధగా చేసిన పనీ, అతి తెలివితక్కువగా చేసిన పనీ రెండూ ఆ నిమిషాన ఒకే పొయ్యి మీద మొదలయ్యాయి. ఆరేళ్ళయింది. ఇప్పటికీ పాండూరులో నేను ఏ ఇంటికి వెళ్ళినా, "వడ్లు లోపల పెట్టండి, రుక్కమ్మ వచ్చింది" అంటారు.

తిరువళ్ళూరులో ముప్పై నాలుగేళ్ళు ఆఫీసు లెక్కలు చూసి, రిటైరైన మర్నాడే పాండూరులో మా అత్తవారింటికి చేరాను. అక్కడ సేద్యం చేసేది మా బావ, మా తోడికోడలు రంగమ్మక్క. వారంలోపే వంటింటి డబ్బాలను ఎత్తు ప్రకారం నిలబెట్టాను. పాపం, వాళ్ళిద్దరూ తనిఖీకి దొరికిన గుమాస్తాల్లా తలూపారు. అంతకు ముందటేడు సెలవుల్లో వచ్చినప్పుడూ అంతే. అక్క తన తిరుత్తణి పుట్టింటికి రెండు పడులు కొలిచి విత్తనం ఇస్తుంటే, "ఊరికే ఎందుకిస్తావక్కా?" అని అడ్డుపడ్డాను. అదొక్కటే ఆమె నా మాట వినలేదు.

ఆ శనివారం సాయంత్రం అక్క రెండు అండాల్లో, అంటే పెద్ద గుండిగల్లో, వడ్లు నానబోసింది. ఒకటి నారు పోయడానికి, ఒకటి ఉడికించి, ఎండబెట్టి, ఉప్పుడు బియ్యం ఆడించడానికి. తెల్లవారగానే పొన్నేరి నుంచి ఫోను: ఆమె కూతురికి నొప్పులు. బావా అక్కా ఆటో ఎక్కారు. కదులుతున్న ఆటోలోంచి అక్క అరిచింది:

"రుక్కూ! తినేదాన్ని ఉడకేసి ఎండబెట్టు! విత్తనాన్ని నీళ్ళొంచి గోనెసంచిలో కట్టి గడ్డి కప్పు!"

"ఏది ఏదక్కా?"

"చూస్తే తెలీదా?"

ఆటో మలుపు తిరిగింది. చూశాను. ఒక అండాలో వడ్లు ఒకే సైజులో, ఒక్క తాలు గింజ లేకుండా, పెళ్ళిచూపులకు ముస్తాబైనట్టున్నాయి. రెండో దాంట్లోవి రంగు మాసి, రకరకాలుగా, సంత ముగిసాక మిగిలిన సరుకులా ఉన్నాయి. ఇందులో ఆలోచించడానికి ఏముంది చెప్పండి? మంచివి మనకు, మిగిలినవి మట్టికి. మట్టికి రుచి తెలుస్తుందా? ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారా? ఎవరినీ అడక్కుండా ముప్పై నాలుగేళ్ళు లెక్కలు తేల్చినదాన్ని!

మంచివాటిని గడియారం చూసుకుంటూ, పొట్టు పగిలేదాకా ఉడికించాను. మాసినవాటిని సంచిలో కట్టి, గడ్డి కప్పి, పైన రాయి పెట్టాను. మంగళవారం అక్క ఫోను.

"ఆడబిడ్డ పుట్టిందే! ఇద్దరూ బాగుండారు. మొలకొచ్చిందా?"

"లేదక్కా. విత్తనం బద్ధకంగా ఉన్నట్టుంది."

"నీళ్ళు చల్లినావా?"

"పూటకు రెండు చెంబులు, కొలిచి చల్లాను."

"శరి, వస్తాం ఉండు."

బుధవారం వచ్చారు. బావ సంచిలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి వాసన చూశాడు. "పులిసిపోయిండాదే! ఇవి రెండేండ్ల పాత వడ్లు కదమ్మా. ఇవి యాడ మొలిచేది?"

అక్క వాకిట్లో ఎండుతున్న వడ్ల దగ్గరికి నడిచి, ఒక గింజ కొరికింది.

"రుక్కూ, ఇవెందుకే ఉడకేసినావు?"

"మంచివని ఉడకేశానక్కా. మనం తినడానికి మంచివి వద్దా?"

"మంచివన్నీ మనమే తినేస్తే మడికేం పోసేది?"

అవి కొన్న విత్తనం కాదు. మా అత్తగారి కాలం నుంచి వస్తున్న ఎర్ర వడ్లు. కోతకు ముందు ప్రతి ఏడూ అక్క మడిలోకి దిగి, బలిసిన కంకులు చేత్తో ఏరి విడిగా దాస్తుంది. ఆ ఇంట్లో మొలిచే గింజ ఆ రకానిది ఇంకొక్కటి కూడా లేదు. నేను ఇన్నాళ్ళూ బియ్యం మూటలను మాత్రమే లెక్కపెట్టాను. మూటలోకి రాకుండా మట్టి కోసం పక్కన ఆగిన గింజలు నా లెక్కకెన్నడూ అందలేదు.

ఉడికినవాటిని మొలిపించలేం కదా, ఆడించుకుని వచ్చి వండాం. బాగోలేకపోతే కాస్త ఊరట దక్కేది. ఖర్మ కొద్దీ అంత కమ్మని అన్నం నేనెన్నడూ తినలేదు. తల దించుకుని తింటున్నాను. అక్క మరో గరిటె వడ్డించింది.

"బాగా తిను రుక్కూ. వచ్చేటి పంట కూడా ఇందులోనే ఉండాది."

బావకు పొలమారింది. అక్క నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత కంచంలో ఒక్క మెతుకు కూడా మిగల్చలేదు.

మర్నాడు అక్క తిరుత్తణి బస్సెక్కి, సాయంత్రానికి చిన్న సంచితో దిగింది. నేను అడ్డుపడిన ఆ రెండు పడులు అక్కడ ఒక పంటై, అందులోంచి రెండు పడులు తిరిగొచ్చాయి. వాటితో మడిలో ఒక మూల ఎర్ర వడ్ల నారు లేచింది. మిగతా మడికి బజారు విత్తనమే.

కాబట్టి పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నానిన వడ్లు కనిపిస్తే నేను అగ్గిపెట్టె ముట్టుకోను. "చూస్తే తెలీదా?" అని ఎవరైనా అడిగితే, "తెలీదు" అని గట్టిగా అరుస్తాను, ఆటో మలుపు తిరగకముందే.

పోయినవి: విత్తనపు వడ్లు పన్నెండు పడులు. పాత వడ్లు ఒక అండా. ఎర్రబియ్యం ఒక ఏడాది పంట, ఆ ఒక్క మూల తప్ప. కట్టెలు ఒక మోపు. నా పెత్తనం, మొత్తం.