తప్పిపోయిన మనిషి వేషం

కువైట్‌లో నేను పనిచేసిన ఇంటి చిన్నమ్మాయి, ఎడారుల్లో కొండల్లో సాహసయాత్రలు నడిపించడం నేర్పే డిగ్రీ చదివేది. దారి తప్పినవాళ్ళను వెతికి కాపాడడం అందులో ఒక పరీక్ష. దానికోసం ప్రతి శుక్రవారం నన్ను ఎడారికి తీసుకెళ్ళేది. నేను ఇసుకదిబ్బ చాటున తప్పిపోయినదానిలా పడుకోవాలి. ఆమె వెతుక్కుంటూ వచ్చి, భుజం తట్టి, నాకు స్పృహ ఉందో లేదో చూడ్డానికి మూడే ప్రశ్నలు అడిగేది. నా చేతుల్లో పెరిగిన పిల్ల కదా, అచ్చం మా కడప మాటే.

"నీ పేరేంది? యాడుండావు? ఈ పొద్దు ఏం వారం?"

ఆ ఇంట్లో నా పేరు అడిగింది ఆమె ఒక్కతే.

చివరి శుక్రవారం మధ్యాహ్నం దుమ్ము లేచింది. పక్క దిబ్బ అవతల ఆమె గొంతు వినిపించింది. అవే ప్రశ్నలు. ఎవరో ఆడమనిషి నా పేరు చెప్పింది, నా గొంతుతోనే.

"యాడుండానో తెలీదు పాపా. ఇంటికి పోవాల."

ఇన్నేళ్ళుగా నేను ఎవరితోనూ అనని మాట అది.

పరుగెత్తాను. చిన్నమ్మాయి ఒక్కతే వంగి, ఉత్త ఇసుక మీద దుప్పటి కప్పుతోంది.

"పాపా, నేనీడుండా!"

తలెత్తి చూసింది. లేచి వచ్చి, మెల్లగా నా భుజం తట్టింది.

"నీ పేరేంది?"