తొమ్మిది నిమిషాల మాంసం

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, త్రైరాశికానికి లొంగనిది లోకంలో లేదని నా నమ్మకం. ఇంటర్ తప్పి, ధర్మవరం నుంచి హిందూపురం వచ్చి, అక్కావాళ్ళింట్లో ఉంటూ ఒక టైల్స్ కొట్టులో పనిచేసేవాణ్ణి. గది కొలతలు చెబితే చాలు, కాగితం ముట్టకుండా ఎన్ని టైల్స్ పడతాయో, ఎన్ని విరుగుతాయో చెప్పేసేవాణ్ణి. (విరిగేవాటి లెక్క ఎప్పుడూ తప్పేది. అది మోసేవాళ్ళ తప్పు.)

అక్క మామ పెనుకొండ దగ్గర మల్బరీ రైతు. తన మాట కాదని కొడుకు మా అక్కను చేసుకున్నాడని రెండేళ్ళుగా వీళ్ళ గడప తొక్కలేదు. పట్టుగూళ్ళు అమ్మడానికి హిందూపురం మార్కెట్టుకు వచ్చినా హోటల్లో తిని బస్సెక్కేవాడు. అలాంటి మనిషి ఒక బుధవారం అన్నానికి వస్తానని కబురు పెట్టాడు. అక్క ఆదివారమే కిలోన్నర పొట్టేలు మాంసం తెప్పించి ఫ్రీజర్‌లో పెట్టింది. మంగళవారం రాత్రి దాన్ని కింది అరలోకి మార్చడం మరిచిపోయింది. బావ పనిమీద ఊరికెళ్ళాడు, నాకు ఆ రోజు కొట్టు సెలవు. అందుకని పొద్దున కుట్టు ఫ్యాక్టరీకి పోతూ నా మీద వదిలింది. "రేయ్, పదకొండుకు మైక్రోవేవ్‌లో పెట్టు. పుస్తకంలో ఎట్లుంటే అట్లే చెయ్. నీ లెక్కలు పెట్టద్దు. ఆయప్ప ఈ పొద్దు తినకుండా పోతే ఇంక జన్మలో రాడు."

మైక్రోవేవ్‌తో వచ్చిన పుస్తకం చూశాను. అరకిలోకు ముప్పై శాతం పవర్ మీద పది నిమిషాలు, మధ్యలో ఆపి తిప్పాలి, తర్వాత పది నిమిషాలు ఊరికే వదిలేయాలి. నాకు నవ్వొచ్చింది. ముప్పై శాతం మీద పది నిమిషాలంటే పూర్తి పవర్ మీద మూడు నిమిషాలే కదా! కిలోన్నరకు తొమ్మిది. ఇక ఊరికే వదిలేసినప్పుడు పవర్ సున్నా. సున్నాను పదితో హెచ్చవేస్తే సున్నా. కొట్టేశాను.

ఏడో నిమిషానికి ఉడికిన వాసన. తొమ్మిదికి తలుపు తీశాను. అంచులు తెల్లగా ఉడికి, కొన్నిచోట్ల చెప్పు తోలులా బిగుసుకుపోయాయి. నడుమ కత్తి గుచ్చితే టంగుమంది. ఒకే గిన్నెలో వేసవీ చలికాలమూ! అప్పుడే అరపూట సెలవు పెట్టి అక్క వచ్చింది.

"ఏం చేసినావురా?"

"లెక్క కరెక్టే అక్కా..."

"ఆ లెక్కను వండిపెట్టల్లనా ఆయప్పకు?"

"మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టేద్దామా?"

"సగం ఉడికింది మళ్ళీ పెడితే చెడిపోతాది రా! అది తిని ఆయప్ప ఆస్పత్రిలో పడితే?"

"ఎవరిని ఆస్పత్రిలో పడేస్తాండారు?" వెనక నుంచి గొంతు. గుమ్మంలో మామ.

ఆయన గిన్నెలోకి చూశాడు, నా వైపు చూశాడు. "ఏమప్పా, ఒకేతూరి మంట పెంచినావా? చలికాలం పట్టుపురుగుల రూములో కుంపటి పెడతాము. మంట పెంచితే పక్కనుండే తట్టల్లో పురుగులు మాడతాయి, దూరంగా ఉండేవి చలికి ముడుచుకుంటాయి. కొంచెం పెట్టల్ల, ఆపల్ల, తట్టలు మార్చల్ల. వేడి లోపలికి నడిచిపోయేకి టైం ఇయ్యల్ల."

ఉడికిన అంచులు కోయించి, వెంటనే అక్క చేత పొయ్యి మీదికి ఎక్కించాడు. గడ్డను తక్కువ పవర్ మీద రెండు నిమిషాలు పెట్టించాడు. ఆపించాడు. తిప్పించాడు. మెత్తబడిన ముక్కల్ని ఎప్పటికప్పుడు పొయ్యి మీది గిన్నెలో వేయించాడు. ప్రతిసారీ ఆపిన తర్వాత ముగ్గురం ఊరికే నిలబడాలి. మొదటిసారి ఆయన గిన్నెలోకే చూశాడు. రెండోసారి ఆయన గోడ గడియారాన్ని చూశాడు. మూడోసారి, గడియారం వైపే చూస్తూ, "ఏమ్మా, బాగుండారా ఇద్దరూ?" అన్నాడు. అక్క ఉల్లిపాయల వైపు తిరిగింది. (తరిగినవి రెండే. ఆ కన్నీళ్ళు రెండు ఉల్లిపాయలవి కావు.)

రెండున్నరకు తిన్నాడు. "నడాన ముక్క బాగుండాది. ఒడ్డు ముక్క మీ తమ్మునికి పెట్టు, నమలనీ" అంటూ రెండోసారి వడ్డించుకున్నాడు. పై బుధవారం కబురు పెట్టకుండానే వచ్చాడు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. మా మైక్రోవేవ్‌కు డీఫ్రాస్ట్ బటన్ ఉంది. అయినా ఆపి, తిప్పి, ఎదురుగా నిలబడతాను. "ఆడ నిలబడి ఏం చేస్తాండావు?" అంటుంది నా భార్య. కుర్రతనంలో సున్నా అని కొట్టేసిన పది నిమిషాలను ఇంకా తిరిగి కూడుకుంటున్నాను.