ఊపిరి మిషన్‌కు హారతి

రక్తం తియ్యకుండా, ఊపిరితోనే షుగర్‌ని పట్టేయొచ్చని నేను ఊరూరా చెప్పి తిరిగిన రోజులవి. హిందూపురంలో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. మా మిషన్ లోపల గోరంత పింగాణీ బిళ్ళ ఉండేది. షుగర్ ముదిరినవాళ్ళ శ్వాసలో వచ్చే వాయువును అది వేడెక్కి పసిగట్టేది, అంకె పెరిగేది. ముక్కున్న పింగాణీ అని నేను మురిసిపోయేవాణ్ణి. (ఆ మాటను తర్వాత మా కంపెనీ పెద్దసారు తన మాటగా చెప్పుకున్నాడు. అదీ గుర్తుంది.)

మొదటి శిబిరం ధర్మవరంలో, మా మేనమామ మగ్గాల గదిలో పెట్టించాను. కారణం మామే. ఆయన కాలి మీద పుండు ఎన్నాళ్ళైనా మానడం లేదు. సూదంటే ఆమడ దూరం పరుగెత్తేవాడు. "ఊదమంటే ఊదుతా. మిషన్ షుగర్ ఉండాదంటే, అప్పుడు ఆసుపత్రికి వస్తా" అని అత్త ముందు ఒప్పుకున్నాడు. ఆ కాలు కోసమే నా తాపత్రయమంతా.

పూజ చెయ్యకుండా కొత్త మగ్గం మీద పోగు వెయ్యని ఇల్లది. అత్త మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టింది. అక్కడితో చాలన్నాను. శిబిరానికి నాతో వచ్చిన పెద్దసారు వినలేదు. "శుభమా అని మొదలుపెడతాంటే అడ్డం పడతావేమప్పా" అంటూ తానే కర్పూరం వెలిగించి, ఆ మూసిన గదిలో మిషన్ మూతి చుట్టూ తిప్పి తిప్పి హారతి ఇచ్చాడు. పింగాణీ బిళ్ళ ఆ పొగంతా పీల్చుకుంది. ఇక ఊదినవాళ్ళందరికీ షుగరే. పక్కింటి బడిపిల్లకు షుగర్. అత్తకు షుగర్. అనుమానం తీర్చుకుందామని నేను ఊదితే అందరికంటే పెద్ద అంకె.

"ఏమబ్బా, చూసేటోనికే ఉండాదే" అన్నాడు మామ. "నీ గురించి అబద్ధం చెప్పేది నా గురించి నిజం చెప్తాదా?" అని కుంటుకుంటూ పోయి మగ్గం గుంతలోకి దిగిపోయాడు.

తిరుగుదారిలో పెనుకొండలో టీ తాగుతూ పెద్దసారు డ్రైవర్‌తో, "వీడు ఊదితే మంచి మిషన్ కూడా చెడిపోతాది" అన్నాడు. డ్రైవర్ నవ్వాడు. నేను టీ సగంలో వదిలేసి, మిషన్ పెట్టె భుజాన వేసుకుని ధర్మవరం బస్సెక్కాను.

మర్నాడు పొద్దున మిద్దె మీద, గాలి వీచేచోట, బిళ్ళను చాలాసేపు వేడి మీద ఉంచి వాసన వదలగొట్టాను. ముందు నేను ఊదాను. అంకె కదల్లేదు. అత్త ఊదింది. కదల్లేదు. మామ మా ఇద్దరినీ అనుమానంగా చూసి ఊదాడు. అంకె ఎక్కింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ ఎక్కింది.

"కర్పూరం యాడన్నా మిగిలుండాదేమో చూడు" అన్నాడు గొంతు తగ్గించి. అత్త ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. "సరే, పా. పోదాం" అన్నాడు.

ఆసుపత్రిలో సూదీ ఆ మాటే చెప్పింది. కాలు దక్కింది.

ఆ కాలితోనే నడిచి పెళ్ళిళ్ళకు వస్తాడు గానీ, కాలు నిలబెట్టినవాడని నన్ను ఏనాడూ ఎవరికీ చూపించలేదు. "షుగరుండాదని మిషనే పట్టిచ్చిన మేనల్లుడు వీడే" అంటాడు. తప్పు కర్పూరానిదని, ఆ కర్పూరం వెలిగించింది ఎవరో కూడా, ప్రతి పెళ్ళిలోనూ నేను చెబుతూనే ఉన్నాను.

ఇన్నేళ్ళకు, మొన్న హిందూపురంలో డాక్టరమ్మ నా వేలికి సూది గుచ్చి, అంకె చూసి, తీపి మానెయ్యమంది. మామకు ఫోన్ చేశాను.

"అది అబద్ధం చెప్పలేదురా. రవ్వంత తొందరపడినాది" అన్నాడు. తర్వాత మెల్లగా, "చెప్పుల్లేకుండా నడవొద్దు. కాళ్ళు జాగర్త" అన్నాడు.

మిద్దె మీద గాలిలో నిలబడి, అంకె కదల్లేదని పొంగిపోయిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. పెద్దసారుకు మాత్రం ఈ సంగతి చెప్పను. చెబితే, ఆ రోజే తాను కనిపెట్టానంటాడు.