తాబేళ్ల గడి

ఆయన ఏనాడూ నిలబడి ప్రశ్న అడగలేదు. తొంభైల్లో చెన్నై చేపల రేవులో, మరపడవల వలల్లో రొయ్యలతోపాటు ఇంకేమేమి పడ్డాయో నమోదు చేయడం మా ఇద్దరి ఉద్యోగం. నేను మా ఇంట్లో తొలి పట్టభద్రుణ్ణి. ఆయన చదివింది పదో తరగతి. నేను ఫారం పట్టుకొని నిలబడేవాణ్ణి. ఆయన పడవవాళ్ల మధ్య చతికిలబడి, వాళ్లతోపాటు చేపలు ఏరుతూ అడిగేవారు.

ఒకరోజు ఒక పడవ నడిపే సరంగు నాతో, "తాబేలేమీ పడలేదు సార్" అన్నాడు. నేను ఫారంలో తాబేళ్ల గడిలో సున్నా రాశాను. కాసేపటికి అతడే ఆయనతో మెల్లగా చెప్పడం విన్నాను: "రెండు పడినాయన్నా. పైకి తీసేసరికే సచ్చిపోయుండాయి. ఆడే ఇడిచేసినాం. కేసు కాకుండా చూడన్నా."

మా అధికారి నా సున్నాను కాదని, ఆయన రాసిన రెండునే నమ్మారు. నాకు కడుపు మండింది. మరునాడు నేనూ కూర్చుని చేపల కుప్పలో చెయ్యి పెట్టాను. జెల్ల చేప ముల్లు వేలిలో దిగింది. సరంగు నవ్వి, "మీకెందుకు సార్ ఈ పని, లేయండి" అంటూ చెయ్యి అందించి నన్ను లేపాడు. ఆ 'సార్' అన్న పిలుపు కోసమే మా నాన్న నన్ను చదివించారు.

ఆయన పదవీ విరమణ చేశాక, నేను ఏడాదిపాటు రోజూ కూర్చునే ఏరాను. ఒక ఉదయం సరంగు నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. నేను పెన్ను కూడా తీయకుండా చెవి ఒగ్గాను.

"అన్న ఇంక రాడా సార్?"

రారని చెప్పాను. అతడు తలూపి లేచిపోయాడు. తాబేళ్ల గడిలో ఆ రోజు కూడా సున్నాయే రాశాను.