జాలీ లేని మూత

“...అయినా తను రోడ్డు మీదుందో, నీళ్ల మీదుందో ఇంజినుకేం తెలుస్తుందక్కా? కారుకి సరిపోయిన మూత పడవకెందుకు సరిపోదు?”

“ఇంజినుకి తెలీదురా. దాని మీద కూర్చునేది నేను. నాకు తెలుస్తుంది.”

“కొట్టు పెట్టిన నాటినుంచి ఇలాంటి మూతలు బస్తాలకొద్దీ అమ్మాను. ఒక్కడు కూడా తిరిగొచ్చి బాగాలేదనలేదు.”

“తిరిగొస్తే కదా అనడానికి,” అన్నాడు గట్టు మీద టిక్కెట్ల బల్ల దగ్గర నుంచి ఆమె భర్త.

“నువ్వూరుకో బావా. పడవెక్కితే కడుపు చేతబట్టుకునేవాడికి ఇంజిను కబుర్లెందుకు?”

ఆఖరి ట్రిప్పు అయిపోయింది. పడవ రేవుకు కట్టేసి ఉంది. కారు సామాన్ల కొట్టు నడిపే తమ్ముడు ఇంజిను పెట్టెలోకి నడుము దాకా వంగి ఉన్నాడు. కొట్టు నుంచి తెచ్చిన కొత్త మూత డబ్బా తెరిచి పడవ బల్ల మీద పెట్టాడు.

రేవులో అందరూ ఆమెను సరంగమ్మ అంటారు. పడవ మామగారిది. కొడుక్కి అప్పగిద్దామని ఆయన ఆశపడ్డాడు గానీ, నాలుగు అలలు లేస్తే అతని కడుపు నిలవదని పెళ్లినాటికే తేలిపోయింది. అందుకని కొడుకు గట్టున టిక్కెట్లు చింపుతున్నాడు, కోడలు చుక్కాని పట్టింది. మామగారికి ఎడమ కనుబొమ సగమే ఉండేది. మిగతా సగం పెట్రోలు తినేసిందనేవాడు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. కారు కిందైతే గాలికి కొట్టుకుపోతుంది, పడవలో మాత్రం అడుగున చేరి కూర్చుంటుంది. అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఆమె ప్రతి ట్రిప్పుకూ ముందు ఇంజిను పెట్టె తెరిచి, మోకాళ్ల మీద వంగి, వాసన చూశాకే తాళం తిప్పుతుంది. ఆ పెట్టె మీద కూర్చున్నవాళ్లు విసుక్కుంటూ లేస్తారు. “కూర మాడిందా సరంగమ్మా?” అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. “ఇంకా ఉడకలేదు, కూర్చో,” అంటుంది.

కిందటి వారం ఇంజిను నడినీటిలో దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇంకో పడవ వచ్చి తాడు కట్టి లాక్కురావలసి వచ్చింది. రేవు సూపర్‌వైజరు అప్పుడే చెప్పేశాడు: కారణం ఏదైనా సరే, మళ్లీ ఒక్క ట్రిప్పు తప్పితే పొద్దుటి వంతు వేరే పడవకిస్తానని. పొద్దుటి వంతంటే ఫ్యాక్టరీవాళ్లు, బడిపిల్లలు. ఇంటిల్లిపాదీ తినేది దాని మీదే.

ప్లగ్గులకు వంతులవారీగా నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటరు మూతలో మొనలు అరిగిపోయాయి. పడవలకని చేసిన మూత పెద్ద నగరం నుంచి రావాలి. ఇంకా రాలేదు. ఈలోగా పాతదాన్నే రోజూ విప్పి, శుభ్రం చేసి నడుపుతున్నారు. శుభ్రం చేసే పని భర్తది. అతని చేతిలో పడితే అట్లకాడైనా అద్దంలా మెరవాల్సిందే.

“తిప్పక్కా,” అన్నాడు తమ్ముడు, కొత్త మూత బిగించి.

ఆమె వంగి వాసన చూసి, తాళం తిప్పింది. ఇంజిను మొదటి ఊపుకే అందుకుంది. దగ్గు లేదు, తడబాటు లేదు. గట్టు మీద భర్త చప్పట్లు కొట్టాడు. ఆమెకూ నవ్వు ఆగలేదు.

“ఇంకేం కావాలి? దండ వేసి సన్మానం చెయ్యి,” అన్నాడు తమ్ముడు.

కాసేపు చెక్క మీద చెయ్యి ఆనించి విని, ఇంజిను ఆపేసింది.

“విప్పు.”

“అదేంటక్కా!”

“విప్పరా. నువ్వు కొలతా మరలూ చూసి తెచ్చావు. దీని గాలి కన్నం చూడు, బోసిగా ఉంది. మన పాతదానికి ఆ కన్నంలో సన్నటి ఇత్తడి జాలీ ఉంటుంది. లోపల మంట పుట్టినా జాలీ దాటి బయటికి రాదు. కావాలంటే చూసుకో.” పాత మూత అతని చేతిలో పెట్టింది.

తమ్ముడు దాన్ని వెలుతురుకు ఎత్తి కన్నానికి కన్ను ఆనించాడు.

“అక్కా, ఇందులోంచి నువ్వు భేషుగ్గా కనిపిస్తున్నావు. జాలీ ఏదీ?”

ఆమె లాక్కుని చూసింది. కన్నం తళతళలాడుతోంది. ఇద్దరూ ఒక్కసారే గట్టువైపు తిరిగారు.

“ఏమైంది?” అన్నాడు భర్త.

“ఈ కన్నంలో జాలీ ఏదండీ?”

“జాలీనా? మసిపట్టి ఏదో అడ్డుపడి ఉంటే, చెత్తనుకుని గుండుసూదితో పొడిచి పీకేశాను. ఓ పట్టాన ఊడొచ్చిందా! వేలికి గుచ్చుకుంది కూడా.”

తమ్ముడు పడవ అంచు పట్టుకుని పగలబడి నవ్వాడు. “నా మీద పడ్డావు గానీ అక్కా, దొంగ ఇంట్లోనే ఉన్నాడు!”

“ఎప్పుడు పీకారు?” అంది ఆమె.

“మొన్న. బడిపిల్లలు ఎక్కేముందు.”

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు.

“అంటే మొన్నా, నిన్నా, ఇవాళా...”

“నా ముక్కును నమ్ముకుని తిరిగామన్నమాట,” అంది ఆమె.

భర్త లేచి గట్టు అంచుదాకా వచ్చాడు. “కన్నంలో కాస్త గుడ్డ కుక్కితే?”

“మీ నోట్లో కుక్కుతాను.”

“అక్కా,” అన్నాడు తమ్ముడు, ఈసారి గొంతు తగ్గించి. “కొత్తది వచ్చేదాకా ఇలాగే నడుపు. ఎలాగూ వాసన చూస్తావు కదా. వంతు పోతే మళ్లీ చేతికి రాదు.”

ఆమె వంగి, అడుగున చీకట్లోకి చూసింది. వాసనేమీ రాలేదు.

సూపర్‌వైజరు మెడలో ఈలతో, చేతిలో సుద్దముక్కతో నల్లబల్ల దగ్గరికి వచ్చాడు.

“సరంగమ్మా, రేపు పొద్దున మొదటి ట్రిప్పు నీదేగా? రాసేస్తున్నా.”

ఆమె ఇంజిను పెట్టె మూసి, చేతులు తుడుచుకుంది.

“వేరే పడవ రాయండి. మూత వచ్చేదాకా నాది కదలదు.”