బక్కమ్మ ఎక్కని వంతెన

మా ఊరి వాగు మీది కట్టె వంతెనను బక్కమ్మ డెబ్బై ఏళ్లుగా ఒక్కసారి కూడా ఎక్కలేదు. నర్సంపేట అంగడికి పోవాలన్నా, అవతలి చేనుకు సద్ది మోసుకుపోవాలన్నా చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని నీళ్లలోంచే నడిచేది. ఎందుకని అడిగితే, "మీదికెక్కితే కండ్లు తిరుగుతయి తమ్మీ" అనేది. నేను నమ్మాను. ఆమె చింతచెట్టు చిటారు కొమ్మనెక్కి కాయలు దులపడం చూసి కూడా నమ్మాను.

వంతెన పక్కన, ఇప్పుడు పత్తి చేను ఉన్నచోట, ఒకప్పుడు ఓ తెల్లదొర పెట్టిన సామిల్లు ఉండేది. రైలు పట్టాల కింద వేసే టేకు చెక్కలు అక్కడే కోసేవారు. దాని కూతకు మూడూళ్ల బర్రెలు బెదిరి పాలివ్వడం మానేసేవని మా నాన్న చెప్పేవాడు. నా దగ్గరికొచ్చేసరికి అవి ఐదూళ్లయ్యాయి. దొర పోయాక కూడా మిల్లు చాన్నాళ్లు నడిచింది. ఇప్పుడక్కడ ఇటుక ముక్క కూడా లేదు.

పోయిన ఎండాకాలం కొత్త వంతెన కోసం పాతదాన్ని విప్పడం మొదలుపెట్టారు. ఆ పొద్దున్నే బక్కమ్మ కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"తమ్మీ, నన్ను జర వాగు కాడికి తీస్కపో."

"ఏమున్నదక్కా ఆడ?"

"నా తప్పున్నది."

దారిలో ఆగి ఆగి చెప్పింది. మిల్లులో ఆమెది చెవుల పని. దుంగ ఒక కొసన రాయమల్లు సుత్తితో కొడితే, రెండో కొసన బక్కమ్మ చెవి ఆనించి వినేది. ఖంగుమంటే గట్టి కట్టె. మొద్దుగా మోగితే లోపల డొల్ల. ఆమె తలూపితేనే దుంగ రంపం కిందికి పోయేది. ఓ ఏడు వరదకు వంతెన దూలం ఒకటి కొట్టుకుపోతే, కొత్తదాని కోసం పెద్ద దుంగను తెచ్చారు. రాయమల్లు కొట్టాడు. బక్కమ్మ చెవి దుంగ మీదే ఉంది, చూపు మాత్రం రాయమల్లు మీద. ఏమీ వినకుండానే తలూపింది. ఆ తర్వాతి వేసవిలోనే వాళ్ల పెండ్లయింది.

"అది డొల్లదైతే? ఊరంతా దాని మీదికెల్లే పాయె. నా పిల్లలను కొట్టి కొట్టి నీళ్లల్ల నడిపించిన. ఆయన దాని మీద పోతాంటే పానం అరచేతుల పెట్టుకొని చూసేది."

"బావకు చెప్పకపోతివా?"

"మొదలు సిగ్గు. తర్వాత భయం."

వాగు దగ్గర సూపర్వైజరు ఓంప్రకాశ్ మమ్మల్ని ఆపాడు. "ఎవరూ రావద్దు అవ్వా, మిషన్ నడుస్తాంది." కాన్వెంటులో నేర్చుకున్న ఇంగ్లీషంతా బయటికి తీసి, ఈమె దొర కాలం నాటి మిల్లుకు క్వాలిటీ ఇన్‌స్పెక్టరని చెప్పాను. నేను చెప్పిన కోతల్లో అదొక్కటే నిజం. అతను నా ఇంగ్లీషుకు భయపడ్డాడో, ఆమె వయసుకు జాలిపడ్డాడో, మిషన్ ఆపించాడు.

దూలం ఒడ్డున పడి ఉంది. సుత్తి అడిగి తీసుకుని ఒక కొసన కొట్టాను. రెండో కొసన బక్కమ్మ చెవి ఆనించింది.

"ఇంకోసారి కొట్టు."

కొట్టాను.

"వినబడ్తలేదు తమ్మీ. ముసలి చెవులాయె."

ఆమె లేవబోతూ దూలం కొసను పట్టుకుంది. అన్నేళ్లూ రాతి కట్టడం లోపల ఉండి ఎవరికీ కనబడని కొస అది. చెయ్యి అక్కడే ఆగింది. కొస నడుమ బెత్తెడు గుండ్రటి టేకు దిమ్మె దిగేసి ఉంది. దాని మీద రెండు చీలలు, ఒకదానికొకటి అడ్డంగా.

"గిట్ల చీలలు అడ్డం కొట్టేది మిల్లుల ఆయనొక్కడే," అంది బక్కమ్మ.

దూలాన్ని కొలతకు కోసిందీ, ఎత్తి రాళ్లలో కూర్చోబెట్టిందీ రాయమల్లే. కోసినప్పుడు ఆ కొసన డొల్ల బయటపడి ఉంటుంది. దాన్ని గట్టి కట్టెతో మూసి, ఆ కొసను రాళ్లలోకి లోతుగా దించాడు. తను పోయేదాకా బక్కమ్మ పేరు ఎవరి ముందూ ఎత్తలేదు. చివరికి బక్కమ్మ ముందు కూడా.

ఆమె దిమ్మె మీద చెంప ఆనించింది.

"ముసలోడా, ఒక్క మాట చెప్పద్దా? నీ కండ్ల ముందల్నే ఇన్నేండ్లు వాగుల నడుస్తుంటి గద!"

"నువ్వు చెప్పినవా అక్కా ఆయనకు?"

నన్ను కోపంగా చూసింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వింది. కళ్లు తుడుచుకుని చెప్పులు విడిచింది. నా చెయ్యి పట్టుకుని ఒడ్డున పడున్న దూలం మీదికి ఎక్కింది.

రెండడుగులు వేశాక, "ఇగ ఇడువు, నేనే నడుస్త" అంది.